మహమ్మారి వేళ బడిని నిలబెట్టడం ఎలా: ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, విద్యా కమిటీలకు సమగ్ర మార్గదర్శి

బడి తెరిస్తే పిల్లలకు జబ్బు రాకుండా ఏం చేయాలి? మూసేస్తే వాళ్లు చదువుకు దూరం కాకుండా ఏం చేయాలి? 2020 నుంచి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తరచూ అడుగుతున్న ప్రశ్నలివి. ఈ వ్యాసం వాటికి వరుసక్రమంలో జవాబు.

కోవిడ్ కాలంలో తెలుగు రాష్ట్రాల బడులు పలుమార్లు మూతపడి, పలుమార్లు తెరుచుకున్నాయి. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు మొదలయ్యాయి. మార్చి 24 నుంచి మళ్లీ మూత. అంటే ఒక్కసారి సిద్ధమైతే సరిపోదు. తెరవడానికీ మూయడానికీ రెండింటికీ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఇక్కడ నా మనసులో ఉన్నది రెండు మూడు వందల మంది పిల్లలున్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. చిన్న బడులు, ప్రైవేటు బడులు తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

భద్రతకు ఒక కమిటీ, పిల్లల ఉత్సాహానికి వేరే కార్యక్రమం అని విడదీయకండి. ప్రతి పిల్లవాడి బాగోగులు ఏ ఉపాధ్యాయుడి బాధ్యతో ముందు తేల్చండి. జ్వరం వచ్చిన సంగతి తెలిసేదీ, చదువు మానేయబోతున్న సంగతి తెలిసేదీ ఆ ఒక్క దారిలోనే.

## 1. మొదటి పని: పిల్లల జాబితా, వీధుల వారీగా

శానిటైజర్ కొనడానికి ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. హాజరు పట్టీలో ఉన్న వివరాలు దీనికి చాలవు. ప్రతి పిల్లవాడికి ఈ వివరాలు రాయండి.

- ఇల్లు ఏ వీధిలో, ఏ వాడలో ఉంది. ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంటున్నాడు (అమ్మమ్మ ఇంట్లోనా, హాస్టల్లోనా)
- ఇంట్లో ఫోను ఎవరిది, ఆ మనిషి ఇంట్లో ఉండే వేళ ఏది
- అది స్మార్ట్‌ఫోనా, మామూలు ఫోనా. ఇంట్లో టీవీ ఉందా
- పిల్లవాడికి ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) వంటివి ఉన్నాయా
- ఇంట్లో వృద్ధులు, గర్భిణులు, షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉన్నారా
- తల్లిదండ్రులు పనికోసం వలస వెళ్తారా, ఏ నెలల్లో

ఫోను ఉండే వేళ రాసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ చాలా బడులు ఇక్కడే తడబడ్డాయి. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే ఫోను. అది తండ్రి జేబులో పొలానికో, ఆటోలోనో వెళ్లిపోతుంది. పగలు పది గంటలకు పిల్లవాడి కోసం ఫోను చేస్తే ఎత్తేది పిల్లవాడు కాదు. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య చేస్తే కుటుంబం మొత్తం దొరుకుతుంది.

జాబితా పూర్తయ్యాక పిల్లల్ని ఉపాధ్యాయులకు పంచండి. వ్యాయామ, చిత్రలేఖన ఉపాధ్యాయులతో సహా అందరికీ. ఒక్కొక్కరికి 20 నుంచి 25 మంది దాటకుండా చూడండి. తరగతి వారీగా కాకుండా వీధి వారీగా పంచమని నా గట్టి సలహా. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు తరగతుల్లో ఉన్నా ఒకే ఇంట్లో ఉంటారు. ఒక ఉపాధ్యాయుడు ఒక వీధికి వెళ్తే తన పిల్లలందరినీ ఒకే నడకలో చూసి రావచ్చు. ఆ వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా అతనికే ముందు తెలుస్తుంది.

తరచూ జరిగే పొరపాటు: వాట్సాప్ గ్రూపు పెట్టాం కాబట్టి అందరూ అందుబాటులో ఉన్నట్టే అనుకోవడం. గ్రూపులో లేని పిల్లలెవరో విడిగా రాయండి. ఆ పేర్లే మీరు ముందు వెతకాల్సినవి.

## 2. బడి నుంచి వెళ్లే మాట ఒక్కటే ఉండాలి

భయం పుట్టేది జబ్బు వల్ల మాత్రమే కాదు, పొంతన లేని మాటల వల్ల కూడా. ఒక టీచరు "సోమవారం బడి ఉంది" అంటారు, ఆయా "లేదట" అంటుంది, వాట్సాప్‌లో ఎవరో పాత ఉత్తర్వు పంపిస్తారు. తల్లిదండ్రులకు ఎవరిని నమ్మాలో తెలియదు.

బడి తరఫున మాట్లాడేది ఒకరే అని నిర్ణయించండి, సాధారణంగా ప్రధానోపాధ్యాయులు. వారానికి ఒక రోజు, ఒకే వేళకు సందేశం పంపండి. కొత్త కబురు ఏమీ లేకపోయినా "ఈ వారం మార్పు లేదు" అని పంపండి. చదవడం రాని తల్లిదండ్రులు ఉంటారు కాబట్టి రాసినదానితోపాటు నిమిషం నిడివి మాట కూడా రికార్డు చేసి పంపాలి. ఫోన్లు లేని వాడలకు పంచాయతీ మైకు వాడుకోండి.

సందేశంలో మూడు సంగతులు చాలు: ఇప్పుడు తెలిసింది, మనం చేస్తున్నది, మళ్లీ ఎప్పుడు చెబుతాం అన్నది. ఇలా:

"అమ్మా, అయ్యా, నమస్కారం. ఎనిమిదో తరగతిలో ఒకరికి కోవిడ్ అని తేలింది. ఆ జట్టు పిల్లలు మాత్రం ఇంటి దగ్గర ఉంటారు, మిగతా తరగతులు మామూలుగా నడుస్తాయి. పిల్లలకు జ్వరం, దగ్గు ఉంటే బడికి పంపకండి, హాజరు గురించి దిగులు పడకండి. మళ్లీ బుధవారం సాయంత్రం ఏడింటికి కబురు చేస్తాం."

పిల్లవాడి పేరు లేదు, వీధి పేరు లేదు. వాళ్లకు కావలసిన సమాచారం మాత్రం అంతా ఉంది.

పరీక్షల విషయంలోనూ ఇదే పద్ధతి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు రద్దయినట్టు జూన్ 24 దాకా తేలలేదు. అన్ని నెలలు పిల్లలు చదవాలో వద్దో తెలియక నలిగిపోయారు. అలాంటప్పుడు మీకు తెలియని తేదీని ఊహించి చెప్పకండి. "పరీక్ష ఉన్నా లేకున్నా ఈ వారం మనం ఈ పాఠం పూర్తిచేస్తున్నాం" అని చేతిలో ఉన్న పని చూపించండి.

## 3. గాలి: అన్నిటికంటే ముందు, అన్నిటికంటే చవక

కోవిడ్ వంటి జబ్బులు ప్రధానంగా గాలి ద్వారా, మాట్లాడేటప్పుడు, దగ్గేటప్పుడు వెలువడే తుంపరల ద్వారా సోకుతాయి. అయినా 2020లో మన శ్రమ, డబ్బు ఎక్కువగా నేలమీద మందు చల్లడానికే పోయాయి. ఈసారి వరుస మార్చండి.

తరగతి గదికి గాలి వస్తోందో లేదో చూడటానికి యంత్రం అక్కర్లేదు. ఇలా చేయండి.

1. పిల్లలు లేని వేళ ఫ్యాను ఆపి, కిటికీలు, తలుపులు తెరవండి.
2. అగరుబత్తి వెలిగించి గది మధ్య బెంచీ ఎత్తులో పట్టుకోండి.
3. పొగ ఒక పక్కకు వాలి కిటికీవైపు లేదా తలుపువైపు కదిలితే గాలి ఆడుతున్నట్టు.
4. పొగ నిటారుగా లేచి అక్కడే చుట్టుకుంటే ఆ చోట గాలి నిలిచిపోయినట్టు. నేలమీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి.
5. నాలుగు మూలల్లోనూ ఇలాగే చూడండి.

గుర్తు పెట్టిన చోట పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఎదురెదురు కిటికీలు ఉండి కూడా గాలి ఆడకపోతే అడ్డంగా బీరువా, చార్టులు, పాత బెంచీలు ఉన్నాయేమో చూడండి. ఎన్నో బడుల్లో వెనక కిటికీలు మేకులు కొట్టేసి ఉంటాయి. వాటిని తెరిపించడమే ఈ వ్యాసంలోకెల్లా ఎక్కువ ఫలితమిచ్చే పని. కోతులు, దోమల బెడద ఉంటే జాలీ బిగించండి, మూసేయకండి.

ఒకవైపే కిటికీలున్న గదిలో బల్లఫ్యాను కిటికీ దగ్గర పెట్టి గాలి బయటికి కొట్టేలా తిప్పండి. తలుపు గుండా కొత్త గాలి లోపలికి వస్తుంది. కిటికీలు మూసి సీలింగ్ ఫ్యాను తిప్పితే ఉన్న గాలే గదంతా తిరుగుతుంది. చల్లగా ఉంటుందే తప్ప రక్షణ ఉండదు.

కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరం మండలంలో ఒక్కటి ఉన్నా బడులు వంతులవారీగా వాడుకోవచ్చు. బయటి గాలిలో అది 420 పీపీఎం దరిదాపుల్లో చూపిస్తుంది. పిల్లలు కూర్చున్న గదిలో 800 దాటుతుంటే గాలి చాలడం లేదని అర్థం. కొందరిని వరండాలోకి మార్చండి.

ఎక్కాలు గట్టిగా అప్పజెప్పడం, పద్యాలు అందరూ కలిసి చదవడం, ప్రార్థన గీతం – వీటిని చెట్టు కిందికో వరండాలోకో మార్చండి. గొంతెత్తినప్పుడు నోటి తుంపరలు మామూలు మాటలకంటే ఎక్కువ వెలువడతాయి. పాటలు మాన్పించకండి. పిల్లలకు బడి మీద ఇష్టం నిలిపేవాటిలో అవి ముందుంటాయి. చోటు మారిస్తే చాలు.

## 4. చేతులు, మాస్కులు, శుభ్రత

సబ్బూ నీళ్లూ ఉంటే శానిటైజర్ కొనక్కర్లేదు. కుళాయిలు చాలకపోతే క్యానుకు తాడు కట్టి, కాలితో కర్ర తొక్కితే క్యాను వంగి నీళ్లు పడేలా ఏర్పాటు చేయండి. పై తరగతి పిల్లలు ఒక పూటలో కట్టేస్తారు. సబ్బును పాత వలసంచిలో వేసి వేలాడదీస్తే పోదు, మట్టిలో పడదు. బడిలోకి రాగానే, భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక కనీసం 20 సెకన్లు రుద్దాలి.

శానిటైజర్ తప్పనిసరైతే 60 శాతం, అంతకు మించి ఆల్కహాల్ ఉన్నదే కొనండి. వంటగది దరిదాపుల్లో ఉంచకండి, అంటుకుంటుంది.

మాస్కు సంగతి: 5 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు వద్దు. 6 నుంచి 11 ఏళ్ల వాళ్లకు పెద్దల పర్యవేక్షణలో. 12 దాటినవాళ్లకు పెద్దలకు మాదిరిగానే. ఒక్కొక్కరికి రెండు గుడ్డ మాస్కులు ఉంటే ఒకటి ఉతికి ఎండలో ఆరేలోగా రెండోది పనికొస్తుంది. ముక్కు కిందికి దిగిన మాస్కు లేనట్టే. ఆటల్లో, తినేటప్పుడు మాస్కు తీసేయాలి కాబట్టి ఆ రెండూ ఆరుబయటే జరగాలి.

బ్లీచింగ్ గురించి ఎక్కువ మంది అడుగుతారు, ఎక్కువ మంది పొరబడేదీ ఇందులోనే.

- తలుపు గొళ్లేలు, కుళాయి పిడులు, బెంచీ అంచులు: రోజుకు రెండుసార్లు సబ్బు నీళ్లతో తుడిచి, తరువాత 0.1 శాతం హైపోక్లోరైట్ (సీసాల్లో అమ్మే బ్లీచింగ్ ద్రవం)తో తుడవండి. సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక వంతుకు 49 వంతుల నీళ్లు. 10 శాతమైతే ఒక వంతుకు 99 వంతులు.
- బ్లీచింగ్ పౌడరుతో అయితే (సుమారు 30 శాతం క్లోరిన్ ఉన్నది) 10 లీటర్ల నీళ్లకు 35 గ్రాముల దాకా వేసి, తేరిన నీళ్లు వాడండి.
- ఏ రోజుది ఆ రోజే కలపండి. ఎండకు, వేడికి దాని బలం తగ్గిపోతుంది.
- మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్‌ను ఎన్నడూ కలపకండి. విషవాయువు వస్తుంది. శుభ్రం చేసే ఆయాకు ఈ మాట మీరే స్వయంగా చెప్పండి, గ్లవ్స్ ఇవ్వండి.
- పిల్లల మీద, మనుషుల మీద మందు చల్లడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కళ్లకు, చర్మానికి హాని. దాంతో వైరస్ ఆగదు.

గేటు దగ్గర థర్మల్ గన్ పట్టుకుని వరుస కట్టించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. లక్షణాలు లేనివాళ్ల నుంచీ కోవిడ్ సోకేది. పైగా గేటు దగ్గర గుంపు తయారవుతుంది. దానికి బదులు మొదటి పీరియడ్‌లో ఉపాధ్యాయులు ప్రతి ముఖం చూసి "ఎలా ఉన్నావు?" అని అడిగితే దగ్గు, నీరసం ముందే పట్టుబడతాయి.

## 5. జట్లు, బెంచీలు, రాకపోకలు

2020 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో పిల్లల మధ్య ఆరడుగుల దూరం అన్నారు. మన గదుల కొలతల్లో అది సగం మందికే సాధ్యం. అందుకని పిల్లల్ని రెండు జట్లుగా చేసి రోజు విడిచి రోజు రప్పించండి.

ఇక్కడ దూరంకంటే ముఖ్యమైనది జట్టు మారకపోవడం. ఇవాళ ఈ జట్టులో, రేపు ఆ జట్టులో కూర్చుంటే ఒక్క కేసు వచ్చినా బడంతా మూయాలి. జట్టు స్థిరంగా ఉంటే ఆ జట్టునే ఇంటికి పంపితే సరిపోతుంది. అన్నదమ్ములను ఒకే రోజు జట్టులో వేయండి, ఇంటికీ సులువు.

ప్రార్థన, విరామం, ఇంటిగంట పది నిమిషాల తేడాతో కొట్టండి. షేర్ ఆటోల్లో పిల్లలు కిక్కిరిసి వస్తుంటే గది లోపల చేసిన ఏర్పాట్లన్నీ వృథా. ఆటో డ్రైవర్లను బడికి పిలిచి మాట్లాడండి: పక్క తెరలు ఎత్తి ఉంచాలి, రెండు విడతలుగా తేవాలి. రెండో విడత పిల్లలు ఆలస్యమైతే బడి కోప్పడదని మీరు వాళ్లకు భరోసా ఇవ్వాలి.

## 6. మధ్యాహ్న భోజనం

బడి తెరిచిన రోజుల్లో ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ అరగంటలోనే. మాస్కులు తీస్తారు, ఎదురెదురుగా కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు.

- జట్టు జట్టుకూ వేరే వేళ, ఆరుబయట లేదా వరండాలో
- ఎదురెదురు కాకుండా ఒకే దిక్కు చూస్తూ బంతి
- వడ్డించేది వంటమనిషి ఒక్కరే. గరిటె పిల్లల చేతులు మారకూడదు
- ఎవరి పళ్లెం, ఎవరి గ్లాసు వారిదే, ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్లు
- వంట ఏజెన్సీ వాళ్లకు దగ్గు, జ్వరం వస్తే సెలవు, ఆ రోజుకు బదులు మనిషి ఎవరో ముందే తేల్చి ఉంచడం

బడి మూసినా ఆకలి ఆగదు. మూసివేత కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, గుడ్లు, వేరుశనగ చిక్కీలు ఇళ్లకే పంచారు. అలాంటి పంపిణీ ఉన్న రోజున పుస్తకాలు, వర్క్‌షీట్లు కూడా అదే సంచిలో పెట్టండి. ఇంటికి వెళ్లే ఒక్క నడకలో రెండు పనులవుతాయి, పిల్లవాడి ముఖమూ చూడవచ్చు.

## 7. బడిలో ఒకరికి లక్షణాలు కనిపిస్తే

ఈ వరుసను కాగితం మీద రాసి స్టాఫ్ రూములో అతికించండి. ఆ క్షణాన ఆలోచించుకునే తీరిక ఉండదు.

1. పిల్లవాడిని గాలి బాగా ఆడే వేరే చోట కూర్చోబెట్టండి. ఒంటరిగా వదలకండి. మాస్కు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కొంచెం దూరంలో ఉండాలి.
2. జ్వరం చూడండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన ఉంటే ఇంటివాళ్లకు ఫోను చేయండి. మందు మీరు ఇవ్వకండి.
3. ఆయాసం, పెదవులు నీలిరంగుకు తిరగడం, మగతగా ఉండటం, నీళ్లు కూడా తాగలేకపోవడం కనిపిస్తే ఆలస్యం లేకుండా 108కి చేయండి. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరు ఉండి 94 కంటే తక్కువ చూపిస్తే కూడా అంతే.
4. ఏఎన్ఎం లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పండి. పరీక్ష ఎప్పుడు, ఎక్కడ అన్నది వాళ్లు చెబుతారు.
5. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి ఎవరెవరితో దగ్గరగా గడిపాడో రాయండి. జట్టు పట్టీ ఉంటే ఇది ఐదు నిమిషాల పని.
6. గది కిటికీలు తెరిచి ఖాళీగా వదిలేయండి, తరువాత తుడిపించండి.
7. తల్లిదండ్రులకు సందేశం అదే సాయంత్రం వెళ్లాలి. మరుసటి రోజు దాకా ఆగితే పుకారు ముందు వెళ్తుంది.

కోలుకుని వచ్చిన పిల్లవాడిని తోటివాళ్లు దూరం పెట్టడం 2020లో చాలాచోట్ల జరిగింది. అతను వచ్చే ముందు రోజే తరగతిలో మాట్లాడండి. వచ్చిన రోజు ఉపాధ్యాయుడే వెళ్లి పక్కన కూర్చుని పలకరించాలి. ఉపాధ్యాయుడు ఎంత దగ్గరగా నిలబడ్డాడో పిల్లలు గమనిస్తారు; ఏ ఉపన్యాసమూ దానికి సాటిరాదు.

## 8. బడి మూతపడితే

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ విద్యా ఛానెల్ టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా విద్యావారధి పాఠాలు నడిచాయి. స్మార్ట్‌ఫోన్లకంటే టీవీలు ఎక్కువ ఇళ్లలో ఉన్నందువల్ల అది మంచి నిర్ణయమే. కానీ పాఠం చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. మధ్యలో ఉపాధ్యాయుడు ఉండాలి.

వారానికి ఇలా నడపండి.

- ఆదివారం: వారం పాఠాల వేళలు, ఛానెల్ పేరు కాగితం మీద రాసి వీధిలో ఒకచోట అతికించాలి.
- రోజూ: టీవీ లేని పిల్లలు, టీవీ ఉన్న ఇంటిని చూసుకుని, అరుగు మీదో వాకిట్లోనో నలుగురికి మించకుండా కూర్చుని చూడాలి.
- పాఠం తరువాత: మూడే ప్రశ్నలు. మొదటిది చూసినవాళ్లంతా చెప్పగలిగేది, రెండోది ఆలోచించాల్సింది, మూడోది ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోవాల్సింది.
- వారానికి ఒకసారి: తన జాబితాలోని ప్రతి పిల్లవాడికీ ఉపాధ్యాయుడి ఫోను. ఐదు నిమిషాలు.

ఆ ఫోను "హోంవర్క్ చేశావా?" అని మొదలైతే తరువాతి వారం పిల్లవాడు ఫోను దగ్గరికి రాడు. "ఇంట్లో అందరూ బాగున్నారా? ఏం తిన్నావు? ఈ వారం ఏం చేశావు?" అని మొదలుపెట్టండి. చదువు మాట చివరి రెండు నిమిషాల్లో. చివరగా ఒక్క పని అప్పగించండి, వచ్చే వారం దాని గురించే అడుగుతానని చెప్పండి, తప్పకుండా అడగండి. అడుగుతానని చెప్పి మరిచిపోతే పిల్లలకు నమ్మకం పోతుంది.

పని చిన్నదిగా, చేతితో చేసేదిగా ఉండాలి. ఇంట్లో నెల సరుకుల లెక్క రాయడం. నాయనమ్మ చెప్పిన కథ సొంత మాటల్లో రాయడం. కొత్తిమీర గింజలు చల్లి రోజూ మొలక ఎత్తు కొలవడం. వీధిలోని చెట్ల పేర్లు పట్టిక వేయడం. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లకు మాత్రమే సాధ్యమయ్యే పని ఇస్తే, లేనివాళ్లు తాము వెనకబడ్డామని మొదటి వారంలోనే తేల్చుకుంటారు.

రాసినవి తప్పకుండా దిద్ది తిరిగివ్వండి. కాగితం మీద ఎర్రసిరాతో మార్కు కాకుండా ఆ పిల్లవాడు రాసినదానిలో ఒక వాక్యాన్ని ఎత్తి చూపి ఒక మాట రాయండి: "మీ నాయనమ్మ కథలో నక్క తప్పించుకున్న చోటు బాగా రాశావు. ఆ నక్క తరువాత ఎక్కడికి వెళ్లింది?" అలాంటి కాగితాన్ని పిల్లలు దాచుకుంటారు, తరువాతిది రాస్తారు.

## 9. తిరిగి తెరిచాక మొదటి నెల

సిలబస్ మిగిలిపోయిందని మొదటి రోజే పాఠం పరుగెత్తించకండి. ఏడో తరగతిలో కూర్చున్న పిల్లవాడు ఐదో తరగతి మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు.

మొదటి వారంలో ఒక్కొక్కరిని పక్కకు పిలిచి, రెండో తరగతి స్థాయి పేరా చదివించండి. ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. ఐదు నిమిషాలు పడుతుంది. మార్కులు వేయకండి, తరగతి ముందు చదివించకండి. వచ్చిన స్థాయిని బట్టి రోజూ ఒక గంట తరగతులతో సంబంధం లేకుండా జట్లు వేసి చదువు, లెక్కలు చెప్పండి. తెలంగాణ ప్రాథమిక బడుల్లో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు లక్ష్యం కూడా చదవడం, రాయడం, లెక్కల పునాదే.

రోజులో ఒక పీరియడ్ ఆటకు కచ్చితంగా ఉంచండి. నెలల తరబడి ఇంట్లో ఉన్న పిల్లలకు గంటసేపు కదలకుండా కూర్చోవడం మళ్లీ అలవాటు కావాలి.

## 10. ఇంట్లో చావు చూసిన పిల్లలు

దీని గురించి అడగడానికి చాలామంది ఉపాధ్యాయులు సంకోచిస్తారు. అడగాల్సిందే.

- విషయం తెలిసిన రోజునే ఆ పిల్లవాడి బాధ్యత ఉన్న ఉపాధ్యాయుడు ఇంటికి వెళ్లాలి, వీలు కాకుంటే ఫోను చేయాలి.
- "ధైర్యంగా ఉండు, నువ్వే ఇంటికి పెద్దవాడివి" అనకండి. పదమూడేళ్ల పిల్లవాడు ఆ మాటను నిజంగా నెత్తిన వేసుకుని బడి మానేస్తాడు. "నాన్న గురించి నాకూ బాధగా ఉంది. నీకు మాట్లాడాలనిపిస్తే నేనున్నాను" అంటే చాలు.
- బడికి వచ్చాక మిగతావాళ్లందరితోపాటు మామూలు పనులే ఇవ్వండి. ఏడుపు వస్తే బయటికి వెళ్లడానికి అనుమతి అడగక్కర్లేదని ముందే చెప్పండి.
- నెల దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోతే, ఎవరితోనూ మాట్లాడకపోతే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కు ఫోను చేయించండి. చచ్చిపోవాలని ఉందన్న మాట ఎప్పుడు వినిపించినా నెల ఆగకండి. ఆ రోజే ఇంటివాళ్లకు చెప్పి, అదే నంబరుకు చేయండి, పిల్లవాడిని ఒంటరిగా వదలకండి.

కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ వంటి పథకాలు వచ్చాయి. అలాంటివి వచ్చినప్పుడు కుటుంబం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగకుండా, మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్ పనుల్లో బడి దగ్గరుండి సాయం చేయాలి.

## 11. బడికి రానివాళ్లు

తెరిచిన మొదటి మూడు రోజులు రాని పేర్లు నాలుగో రోజు ఉదయం బల్ల మీద ఉండాలి. వారాలు గడిచాక వెళ్తే పిల్లవాడు పత్తి ఏరడానికో, మిరపకోతకో, మెకానిక్ షెడ్డుకో స్థిరపడిపోయి ఉంటాడు.

వెళ్లినప్పుడు తల్లిదండ్రులకు చట్టం గురించి చెప్పడంతో మొదలుపెట్టకండి. ఎందుకు పంపలేదో వినండి. అప్పు ఉండవచ్చు, ప్రైవేటు బడి ఫీజు కట్టలేక ఆగిపోయి ఉండవచ్చు, బదిలీ పత్రం ఇవ్వకపోయి ఉండవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా బదిలీ పత్రం లేదని ప్రవేశం నిరాకరించడానికి వీల్లేదు. ముందు చేర్చుకోండి, కాగితాలు తరువాత.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు రాకపోతే అదే రోజు వెళ్లండి. "అమ్మమ్మ ఊరికి వెళ్లింది" అన్న జవాబు వెనక పెళ్లి మాటలు ఉండవచ్చు. 18 ఏళ్లు నిండని పెళ్లి అని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఉపాధ్యాయుడికి ఊళ్లో ఇబ్బంది అవుతుందనుకుంటే ప్రధానోపాధ్యాయులే చేయాలి. ఎవరు చెప్పారన్నది బయటపెట్టనక్కర్లేదు.

ఒక్క పిల్లవాడి ఇంటికి తోటి విద్యార్థులతో కలిసి వెళ్తే చాలాసార్లు మాట తొందరగా తెగుతుంది. బెంచీలో తన చోటు ఖాళీగా ఉందని స్నేహితులు చెబితే పిల్లవాడు చెప్పులు వేసుకుంటాడు.

## 12. ఉపాధ్యాయులు, ఆయాలు, వంటవాళ్లు

సిబ్బందిలో గర్భిణులు, కేన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లకు ఇంటినుంచి చేసే పని ఇవ్వండి: ఫోన్లు, వర్క్‌షీట్లు దిద్దడం. ప్రతి సబ్జెక్టుకూ బదులు ఎవరో పట్టీ వేసి ఉంచండి. జ్వరంతో బడికి రావడాన్ని నిబద్ధతగా మెచ్చుకోకండి.

టీకా వచ్చినప్పుడు సిబ్బంది, అర్హులైన పిల్లల జాబితా మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. 2022 జనవరి 3న 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు మొదలైనప్పుడు, ఆరోగ్య సిబ్బందిని బడికే పిలిపించుకుంటే పని సులువైంది.

ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు కోవిడ్‌లో జీతాలు లేక కూలి పనులకు వెళ్లారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. యాజమాన్యాలు ఫీజులు రాలేదని మొత్తం జీతం ఆపకుండా, ఎంత ఇవ్వగలరో, ఎప్పుడు ఇవ్వగలరో రాతపూర్వకంగా చెప్పాలి. ఇంట్లో పొయ్యి వెలగని ఉపాధ్యాయుడు పిల్లలకు ఉత్సాహం పంచలేడు.

## 13. ఆంక్షలు సడలించే వరుస

జబ్బు తగ్గుముఖం పట్టాక అన్నీ ఒకే రోజు ఎత్తేయకండి. వారానికి ఒకటి చొప్పున, ప్రతిసారీ తల్లిదండ్రులకు చెప్పి:

1. ముందు ఆరుబయట మాస్కులు, ఆటల్లో జట్ల కట్టుబాటు
2. తరువాత రోజు విడిచి రోజు పద్ధతి తీసేసి అందరినీ రోజూ రప్పించడం
3. ఆ తరువాత గదిలో మాస్కులు. పెట్టుకుంటామన్న పిల్లల్ని ఎవరూ ఎగతాళి చేయకుండా చూడాలి
4. చివరగా భోజనం వేళల తేడా

సడలించాక రెండు వారాల్లో ఒకే జట్టులో ఇద్దరు ముగ్గురికి జ్వరాలు వస్తే ఒక మెట్టు వెనక్కి రండి.

తెరిచిన కిటికీలు, భోజనానికి ముందు సబ్బు, వీధుల వారీ జాబితా ఈ వరుసలో లేవు. అవి తీసేసేవి కావు. జాబితాను ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో కొత్తగా రాయండి. ఫోన్ నంబర్లు మారతాయి, ఇళ్లు మారతాయి, ఆరో తరగతిలోకి కొత్త పిల్లలు వస్తారు. ఒక ప్రతి బీరువాలో, ఒక ప్రతి విద్యా కమిటీ అధ్యక్షుల దగ్గర ఉంచండి.